జనం రాకపోకలతో జబ్బు ఎలా పాకుతుందో లెక్కకట్టాలంటే: మూడు ఊళ్లతో మొదలుపెట్టండి

అంటువ్యాధుల లెక్కలు కట్టడం నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని. నేను తిరిగి అడిగేది ఒకటే: "మీ రాకపోకల పట్టికలో పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి తిరిగొచ్చేవాళ్లు ఉన్నారా?" ఎందుకు అడుగుతానో కింద లెక్క వేసి చూపిస్తాను. ఎక్సెల్ వచ్చినా చాలు, పైథాన్ వస్తే ఇంకా మంచిది. కూడికలు, గుణకారాలు, శాతాలు తెలిస్తే సరిపోతుంది. రెండుచోట్ల మాత్రం లాగరిథమ్ కావాలి.

ముందు ప్రశ్న రాసుకోండి

కోడ్ తెరవకముందే, మీ మోడల్ (జబ్బు పాకే తీరుకు మనం కట్టే లెక్క) దేనికి జవాబు చెప్పాలో ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టండి. "జబ్బు మా ఊరికి ఎప్పుడు చేరుతుంది?" అనేది ఒక ప్రశ్న. "రాకపోకలు తగ్గిస్తే ఎన్ని రోజులు కలిసొస్తాయి?" అనేది ఇంకో ప్రశ్న. "టీకాలు ముందు ఎక్కడ వేయాలి?" అనేది మరొకటి. ఒక ఊరి లోపల బడిలో ఎక్కువ పాకుతుందా, ఇంట్లో ఎక్కువ పాకుతుందా అన్నదే మీ సందేహమైతే, ఊళ్ల మధ్య రాకపోకల మోడల్ మీకు అక్కర్లేదు. ఎవరు ఎవరితో కలుస్తున్నారన్న వివరం కావాలి.

జబ్బు ఎలా అంటుతుందో కూడా అదే కాగితం మీద రాయండి. దాన్ని బట్టే ఏ ప్రయాణాలను లెక్కలోకి తీసుకోవాలో తేలుతుంది. తట్టు, ఫ్లూ లాంటివి గాలి ద్వారా అంటుతాయి కాబట్టి పగలు ఆఫీసులో, బస్సులో గడిపిన గంటలు ముఖ్యం. మలేరియా దోమలు ఎక్కువగా రాత్రిపూట కుడతాయి కాబట్టి అక్కడ రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది ముఖ్యం. కెన్యాలో దాదాపు 1.5 కోట్ల మొబైల్ చందాదారుల రికార్డులను మలేరియా మ్యాపులతో కలిపి చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. విక్టోరియా సరస్సు పరిసరాల నుంచి మలేరియా పరాన్నజీవి మనుషుల ఒంట్లో ప్రయాణించి నైరోబీ దాకా చేరుతోందని అది చూపించింది. దోమ అంత దూరం ఎగరలేదు, మనిషే మోసుకెళ్లాడు. కానీ ఆ లెక్కలో రాత్రి బసలను వదిలేసి పగటి ప్రయాణాలే పెట్టుకుంటే ఫలితం పూర్తిగా దారి తప్పేది.

ఒక్క ఊరి లెక్క

దీన్ని తొందరగా ముగించేద్దాం. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు రాసిన సమీకరణాలే ఇప్పటికీ పునాది. 1905-06 బొంబాయి ప్లేగు మరణాలతో వాళ్లు తమ గీతను పోల్చి చూశారు. ఊరి జనాన్ని మూడు గుంపులు చేయండి. ఇంకా జబ్బు సోకనివాళ్లు ఎస్, ఇప్పుడు అంటించగలవాళ్లు ఐ, కోలుకున్నవాళ్లు లేదా చనిపోయినవాళ్లు ఆర్. మొత్తం జనాభా ఎన్.

రోజుకు కొత్త కేసులు = బీటా × ఎస్ × ఐ ÷ ఎన్
రోజుకు ఐ నుంచి బయటపడేవాళ్లు = గామా × ఐ

బీటా అంటే, చుట్టూ అందరూ జబ్బు సోకనివాళ్లే అయితే ఒక రోగి రోజుకు సగటున ఎంతమందికి అంటిస్తాడో ఆ అంకె. గామా అంటే రోగుల్లో రోజుకు బయటపడే వంతు. మన ఉదాహరణకు బీటా 0.5 అనుకుందాం. ఒక రోగి సగటున 4 రోజులు అంటిస్తాడనుకుంటే గామా 0.25. ఒక రోగి సగటున అంటించేది 0.5 ÷ 0.25, అంటే 2 మందికి. మొదట్లో కేసులు రోజుకు 0.5 − 0.25 = 0.25 రేటుతో పెరుగుతాయి. అంటే సుమారు 2.8 రోజులకోసారి రెట్టింపు. ఈ 0.25ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

రాకపోకల పట్టిక

ఇక్కడ నిదానంగా నడవండి. మోడల్ మంచిచెడ్డలన్నీ ఈ పట్టికలోనే తేలతాయి. మూడు ఊళ్లు తీసుకుందాం. క ఊరి జనాభా 10,00,000. గ ఊరిది 2,00,000. చ ఊరిది 50,000. ఒక్కో ఊళ్లో నివసించేవాళ్లు పగలు ఎక్కడ గడుపుతారో రాస్తే ఇలా వచ్చిందనుకోండి:

క నివాసులు: క ఊళ్లోనే 9,94,000, గ ఊళ్లో 5,000, చ ఊళ్లో 1,000
గ నివాసులు: క ఊళ్లో 16,000, గ ఊళ్లోనే 1,82,000, చ ఊళ్లో 2,000
చ నివాసులు: క ఊళ్లో 2,000, గ ఊళ్లో 5,000, చ ఊళ్లోనే 43,000

అడ్డంగా కూడితే ఊరి జనాభా రావాలి. నిలువుగా కూడితే పగటి జనాభా వస్తుంది: క ఊళ్లో 10,12,000, గ ఊళ్లో 1,92,000, చ ఊళ్లో 46,000. రెండు విధాలా మొత్తం 12,50,000 తేలాలి. ఈ సరిచూపును కోడ్‌లో ఒక లైనుగా పెట్టి, మోడల్ నడిపే ప్రతిసారీ పరీక్షించండి. అడ్డం నిలువు తారుమారైన పట్టికతో కూడా కోడ్ ఏ తప్పూ చూపించకుండా హాయిగా నడుస్తుంది. అందుకే ఈ చిన్న జాగ్రత్తను నేను ఎంతో పట్టుబట్టి చేయిస్తాను.

ఇప్పుడు క ఊరి నివాసుల్లో 100 మందికి జబ్బు ఉంది, మిగతా రెండు ఊళ్లలో ఎవరికీ లేదు. సులువు కోసం కలయికలన్నీ పగలే జరుగుతాయనుకుందాం. ఆ 100 మందీ పట్టిక ప్రకారం తిరిగితే పగలు క ఊళ్లో 99.4 మంది, గ ఊళ్లో 0.5, చ ఊళ్లో 0.1 రోగులు ఉంటారు. గ నివాసుల్లో రోజుకు ఎన్ని కొత్త కేసులు వస్తాయో మూడు ముక్కలుగా లెక్కకడదాం.

క ఊరికి వెళ్లొచ్చే 16,000 మంది: 16,000 × 0.5 × 99.4 ÷ 10,12,000 = 0.786
ఊళ్లోనే ఉండే 1,82,000 మంది: 1,82,000 × 0.5 × 0.5 ÷ 1,92,000 = 0.237
చ ఊరికి వెళ్లొచ్చే 2,000 మంది: 0.002

మొత్తం రోజుకు 1.025. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా, పనికోసం పెద్ద ఊరికి వెళ్లి సాయంత్రం ఇంటికి చేరే సొంత ఊరివాళ్ల ద్వారానే వచ్చింది. బయటి నుంచి వచ్చినవాళ్ల వల్ల సోకింది నాలుగో వంతు కూడా లేదు.

ఈ ఒక్క లెక్క కోసమే ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పినా తప్పులేదు. అంటువ్యాధి వస్తే జనం వేలు ముందుగా బయటివాడి వైపు చూపిస్తుంది. పొలిమేరలో కాపలా పెట్టి కొత్తవాళ్లను వెనక్కి పంపుతారు, వలస కూలీలను అనుమానంగా చూస్తారు. మన పట్టికలో "క నుంచి గ ఊరికి వచ్చినవాళ్లు" అన్న అంకె ఒక్కటే ఉంటే మోడల్ కూడా ఆ అనుమానానికే వంత పాడుతుంది. పైగా జబ్బు రాకను దాదాపు 6 రోజులు ఆలస్యంగా చూపిస్తుంది. పట్టికలో ఎవరి ఇల్లు ఎక్కడో రాయకపోతే నిర్దోషుల మీద నింద పడుతుంది. అందుకే ఆ ప్రశ్న అంత గట్టిగా అడుగుతాను.

లెక్కను ఇంకొంచెం నిజానికి దగ్గరగా తేవాలంటే రోజును రెండు పూటలు చేయండి. పగటి పూట ఈ పట్టిక వాడండి, రాత్రి పూట అందరినీ ఇళ్లకు చేర్చండి. పని దినాలకు ఒక పట్టిక, సెలవు దినాలకు ఇంకొకటి పెట్టండి. రోజూ వెళ్లొచ్చేవాళ్లు, వారాల తరబడి ఉండిపోయేవాళ్లు, శాశ్వతంగా మకాం మార్చినవాళ్లు వేర్వేరు. మూడింటినీ ఒకే అంకెలో కలిపేయకండి.

పట్టికకు అంకెలు ఎక్కడివి

జనగణన, ఉద్యోగుల సర్వేలు, విమాన టికెట్లు, మొబైల్ టవర్ రికార్డులు. ఏది తీసుకున్నా మొదటి ప్రశ్న ఒకటే: ఇందులో ఎవరు లేరు? ఫోన్ రికార్డుల్లో చిన్నపిల్లలు ఉండరు. తట్టు లాంటి జబ్బులో ఆ లోటు చాలా పెద్దది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్నచోట ఆ ఫోన్ తీసుకెళ్లే మనిషి ప్రయాణమే అందరి ప్రయాణంగా కనిపిస్తుంది. రెండు సిమ్‌లు ఉన్నవాళ్లు ఇద్దరుగా లెక్కకు వస్తారు.

ఫోన్ డేటా అడిగేటప్పుడు ఊరి నుంచి ఊరికి మొత్తం అంకెలే అడగండి, మనిషి మనిషి రికార్డు అడగొద్దు. పేర్లు తీసేశాం కదా అని కొందరు ధైర్యం చెబుతారు. 15 లక్షల మంది ఫోన్ డేటా మీద 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎప్పుడు ఎక్కడున్నారో నాలుగు బిందువులు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతావారి నుంచి విడదీసి గుర్తించవచ్చని తేలింది. మన మోడల్‌కు అంత వివరం అవసరమే లేదు. అవసరం లేనిది దగ్గర పెట్టుకోవడం జనానికి ప్రమాదం.

అంకెలే దొరకకపోతే రెండు దారులున్నాయి. గ్రావిటీ మోడల్‌లో రెండు ఊళ్ల జనాభాలను గుణించి, దూరాన్ని ఏదో ఒక ఘాతానికి పెంచి భాగిస్తారు. ఆ ఘాతం ఎంతో తెలియాలంటే కొన్ని ఊళ్ల మధ్యనైనా అసలు ప్రయాణాల లెక్క చేతిలో ఉండాలి. రెండోది 2012లో వచ్చిన రేడియేషన్ మోడల్. బయలుదేరే ఊరి జనాభా ఎం, చేరే ఊరిది ఎన్, బయలుదేరే ఊరి చుట్టూ ఈ రెండు ఊళ్ల మధ్య దూరం లోపల ఉన్న మిగతా జనాభా ఎస్ అనుకుంటే (ఇక్కడి ఎన్, ఎస్ పైవాటికి సంబంధం లేనివి), ఊరు దాటేవాళ్లలో అటు వెళ్లే వంతు:

ఎం × ఎన్ ÷ [(ఎం + ఎస్) × (ఎం + ఎన్ + ఎస్)]

గ నుంచి క ఊరికి, మధ్యలో చ ఊరు ఉందనుకుని, లక్షల్లో: 2 × 10 ÷ (2.5 × 12.5) = 0.64. గ నుంచి చ ఊరికి: 2 × 0.5 ÷ (2 × 2.5) = 0.2. ఊళ్లు మూడే కాబట్టి మొత్తం 0.84 వచ్చింది. దాంతో భాగిస్తే 0.76, 0.24. మన పట్టికలో ఆ వంతులు 0.89, 0.11. రేడియేషన్ మోడల్ చిన్న ఊరికి ఎక్కువ మందిని పంపింది. అయినా దానికి ముందుగా ఏ ఘాతమూ చెప్పక్కర్లేదు కాబట్టి డేటా బొత్తిగా లేనిచోట నేను దానితోనే మొదలుపెడతాను. కాస్త డేటా ఉంటే గ్రావిటీకే నా ఓటు.

రాకపోకలు ఆపితే ఎన్ని రోజులు కలిసొస్తాయి

అధికారులు అన్నిటికన్నా ఎక్కువగా అడిగేది ఇదే. జవాబు విని చాలామంది నిరాశపడతారు, కానీ దాచకూడదు. పెద్ద ఊళ్లో జబ్బు రెట్టింపవుతూ పోతున్నప్పుడు బయటికి వెళ్లేవాళ్లను పదో వంతుకు తగ్గించారనుకోండి. పెద్ద ఊళ్లో కేసులు పది రెట్లు పెరిగేసరికి ఆ తగ్గింపు చెల్లిపోతుంది. కాబట్టి:

ఆలస్యం = సహజ లాగరిథమ్ (1 ÷ మిగిలిన ప్రయాణాల వంతు) ÷ పెరుగుదల రేటు

మన 0.25 రేటుతో ప్రయాణాలు 50 శాతం తగ్గిస్తే 2.8 రోజులు. 90 శాతం తగ్గిస్తే 9.2 రోజులు. 99 శాతం తగ్గిస్తే 18.4 రోజులు. ఎంత కఠినంగా ఆపినా దొరికేది రోజులే, నెలలు కాదు.

ఇప్పుడు రెండో పని కూడా చేద్దాం. మాస్కులు, గాలి ఆడే గదులు, జబ్బు పడ్డవాళ్లకు జీతం కోయని సెలవులు, వీటితో బీటాను 30 శాతం తగ్గించగలిగితే అది 0.35 అవుతుంది. పెరుగుదల రేటు 0.10కి పడుతుంది. అదే 90 శాతం ప్రయాణాల తగ్గింపు ఇప్పుడు 23 రోజులు ఇస్తుంది. రెండూ కలిస్తేనే ఫలం. 2020 జనవరి 23న వుహాన్ రాకపోకలు ఆపిన సంగతిని మోడల్‌తో పరిశీలించినవాళ్లు కూడా ఇలాంటిదే కనుక్కున్నారు. చైనా లోపల మిగతా చోట్లకు జబ్బు పాకడం 3 నుంచి 5 రోజులే ఆలస్యమైంది. విదేశాలకు చేరే కేసులు మాత్రం ఫిబ్రవరి మధ్యదాకా దాదాపు 80 శాతం తగ్గాయి. ఊరి లోపల వ్యాప్తిని కూడా సగానికో అంతకన్నా ఎక్కువో తగ్గించకపోతే ప్రయాణాల కట్టడి ప్రభావం కొంచెమేనని కూడా ఆ అధ్యయనం చెప్పింది. దొరికిన రోజుల్లో ఆసుపత్రి పడకలు, ఆక్సిజన్, పరీక్షలు సిద్ధం చేసుకోవచ్చు. కాబట్టి ఆ ఫలితం చెప్పేటప్పుడు "ఎన్ని రోజులు" అన్నదాని పక్కనే "ఆ రోజుల్లో ఏం చేయాలి" అన్నదీ నేను తప్పకుండా అడుగుతాను.

ఊరి లోపలి కదలికలకు ఇదే సూత్రం పెట్టకండి. ఒక మూసిన గదిలోకి వచ్చే జనం సగమైతే ఒకరితో ఒకరు కలిసే జతలు సుమారు నాలుగో వంతుకు పడతాయి. ఫోన్ డేటాలో కదలికలు 40 శాతం తగ్గాయంటే బీటా కూడా 40 శాతం తగ్గిందని రాసేయడం నేను తరచుగా చూసే పొరపాటు. ఆ సంబంధం ఎలా ఉందో మీ కేసుల గీత నుంచే కొలవాలి.

పాచికలు వేయండి

చ ఊరి లెక్క కూడా వేస్తే రోజుకు 0.15 కొత్త కేసు వస్తుంది. మనుషులు ముక్కలుగా ఉండరు. అయినా మామూలు సమీకరణం ఆ 0.15 మనిషినే మొదటి రోజు నుంచి పెంచుకుంటూ పోతుంది. ఇంగ్లండ్‌లో నక్కలకు వచ్చే రేబిస్ మీద కట్టిన ఒక మోడల్‌లో చదరపు కిలోమీటరుకు ఒక నక్కలో వంద కోట్ల వంతులో మళ్లీ వంద కోట్లవ వంతు మిగిలి, అదే రెండో విడత జబ్బును రగిలించిందని లెక్క చూపింది. అలాంటి ముక్క నక్క నిజంలో ఉండదన్న విమర్శ ఈ రంగంలో చాలా ప్రసిద్ధం.

దీనికి మందు: కేసులు తక్కువగా ఉన్నంతకాలం యాదృచ్ఛిక అంకెలు వాడండి. ఒక్కొక్కరికి జబ్బు అంటుకునే రేటు నుంచి సంభావ్యత తీసి, బైనోమియల్ పద్ధతిలో (ఒక్కో మనిషికీ ఒక్కోసారి పాచిక వేసినట్టు) ఎంతమందికి సోకిందో పూర్ణాంకంగా రాబట్టాలి. కోలుకోవడానికీ అంతే. అప్పుడు చ ఊళ్లో చాలా రోజులు ఏమీ జరగదు, ఒకరోజు ఒక కేసు వస్తుంది. ఆ కేసు గొలుసు తనంతట తానే తెగిపోయే అవకాశం ఈ సాదా మోడల్‌లో 1 ÷ 2, అంటే సగం. బీటా 0.35 అయితే 1 ÷ 1.4, సుమారు 71 శాతం.

చిన్న ఊళ్లలో జబ్బు ఆరిపోయి మళ్లీ బయటి నుంచి అంటుకోవడం కాగితం మీద మాత్రమే జరిగే విషయం కాదు. టీకాలు రాకముందు ఇంగ్లండ్‌లో తట్టు ఆగకుండా సాగాలంటే ఊళ్లో దాదాపు 2.5 నుంచి 3 లక్షల జనం ఉండాలని 1950లలోనే గణాంక శాస్త్రవేత్త బార్ట్‌లెట్ గమనించాడు. అంతకన్నా చిన్న ఊళ్లలో జబ్బు మాయమై, పెద్ద నగరాల నుంచి మళ్లీ వచ్చేది.

వెయ్యిసార్లు నడపండి. ప్రతిసారీ ఊరికి మొదటి కేసు వచ్చిన రోజు, గొలుసు నిలిచి పెరగడం మొదలైన రోజు, రెండూ విడివిడిగా దాచుకోండి. కొత్తవాళ్లు మొదటిదే దాచుకుంటారు, ఆసుపత్రికి కావాల్సింది మాత్రం రెండోది.

నమ్మాలా వద్దా

జబ్బు లేకుండా ఒకసారి నడపండి. 12,50,000 మంది చివరిదాకా 12,50,000గానే ఉండాలి, రాత్రికి అందరూ ఎవరి ఊళ్లో వాళ్లు తేలాలి. ప్రయాణాలన్నీ సున్నా చేస్తే గ, చ ఊళ్లలో ఒక్క కేసూ రాకూడదు. తర్వాత గడిచిపోయిన ఏదైనా వ్యాప్తి తీసుకుని, ఏ ఊరి తర్వాత ఏ ఊరికి జబ్బు చేరిందో ఆ వరస మీ మోడల్ చెప్పగలుగుతోందా చూడండి. తేదీలు కాస్త అటూ ఇటూ అయినా వరస కుదరాలి.

వరసను త్వరగా అంచనా వేయడానికి బ్రోక్‌మన్, హెల్బింగ్ అనే పరిశోధకులు 2013లో ఇచ్చిన కొలత ఒకటి ఉంది. ఒక ఊరి నుంచి బయటికి వెళ్లేవాళ్లలో ఇంకో ఊరికి వెళ్లే వంతు తీసుకుని, దాని సహజ లాగరిథమ్‌ను 1 నుంచి తీసేయండి. క ఊరు దాటే 6,000 మందిలో 5,000 మంది గ ఊరికి వెళ్తారు కాబట్టి ఆ దూరం 1.18. చ ఊరికి 2.79. కిలోమీటర్లలో ఏది దగ్గరైనా సరే, జబ్బుకు గ ఊరే దగ్గర. 2003 సార్స్, 2009 ఫ్లూ దేశదేశాలకు చేరిన రోజులు భౌగోళిక దూరం కన్నా ఈ దూరంతో చాలా బాగా కలిశాయి.

ఫలితం ఇచ్చేటప్పుడు ఒకే తేదీ చెప్పకండి. వెయ్యి పరుగుల్లో చివరి 5 శాతాలను రెండువైపులా వదిలేసి మధ్యలో ఉన్న రోజుల వ్యవధిని చెప్పండి. ఏ ఊహను కదిపితే ఫలితం ఎక్కువ మారుతోందో పక్కనే రాయండి. పట్టిక ఏ నెలదో, అందులో ఎవరు లేరో మొదటి పేజీలోనే ఉండాలి, అనుబంధంలో కాదు. యాదృచ్ఛిక అంకెలకు వాడిన సీడ్‌తో (వాటి వరసను మొదలుపెట్టే అంకెతో) సహా కోడ్‌ను దాచండి, ఇంకొకరు నడిపితే అవే అంకెలు రావాలి.

ఈ మూడు ఊళ్లను కాగితం మీద ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి చేసి చూడండి. రెండుచోట్లా గ ఊరికి 1.025 వచ్చాక, పొదిగే కాలానికి (జబ్బు సోకినా ఇంకా అంటించని రోజులకు) ఒక కొత్త గుంపు చేర్చండి. ఆపైన పిల్లలు, పెద్దలు అని వయసును బట్టి విడదీయండి. ఇవి రెండూ సవ్యంగా నడిచాక నాలుగో ఊరిని తీసుకురండి.